కాలిన కాళ్ళు, ఆగని పరుగు



నరసరావుపేటలో గానీ, మాచర్లలో గానీ, గురజాలలో గానీ తెల్లవారుజామున ఐదింటికి కాలేజీ గ్రౌండు వైపు వెళ్ళి చూడండి. పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో సిద్ధపడుతున్న కుర్రాళ్ళు చీకట్లోనే పరుగు మొదలుపెట్టి ఉంటారు. కొందరికి బూట్లుంటాయి, కొందరు ఉత్త కాళ్ళతోనే పరుగెత్తుతుంటారు. పక్కన నిలబడ్డ స్నేహితుడు ఫోనులో టైము చూసి కేకేస్తుంటాడు. వాళ్ళందరి లెక్క ఒక్కటే, 1600 మీటర్లు. రాతపరీక్షకు ఎంత చదివినా ఈవెంట్స్‌లో ఆ దూరం టైములో దాటాలి. కొన్ని సెకన్ల తేడాతో ఒకడు యూనిఫాం వేసుకుంటాడు, ఇంకొకడు తిరిగి మిరప చేలోకి వెళ్తాడు.

ఆ 1600 మీటర్లకు ఇంకో తొమ్మిది మీటర్లు కలిపితే ఒక మైలు. ఒకప్పుడు ఆ మైలును లోకంలో అందరికంటే వేగంగా పరుగెత్తిన మనిషి గురించి ఈ వారం రాస్తున్నాను. ఆయన పేరు గ్లెన్ కన్నింగ్‌హామ్. యువజన కూడికల్లో ఈయన కథ మీలో చాలామంది వినే ఉంటారు. ఇక నడవలేడనుకున్న పిల్లవాడు ప్రపంచ రికార్డు సాధించిన కథ అది. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. కానీ చాలా ఏళ్ళు దాన్ని సగమే చెప్పానని ఈరోజు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక కూడికలో ఈ కథ చెప్పి, నమ్మినవాడికి గెలుపు తప్పదని ముగించాను. అందరూ చప్పట్లు కొట్టారు. చివరి వరుసలో ఒక కుర్రాడు మాత్రం తల ఎత్తలేదు. కూడిక అయ్యాక బయట చెప్పులేసుకుంటుంటే దగ్గరికి వచ్చాడు. ఆ నెలలోనే ఈవెంట్స్‌లో కొద్ది సెకన్లలో పోయిందట. అయ్యగారూ, నాకు విశ్వాసం తక్కువైందా అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. భుజం తట్టి పంపించాను. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి కన్నింగ్‌హామ్ జీవితం మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆ కుర్రాడికి కావలసిన జవాబు నేను చెప్పని సగంలో ఉంది.

బడి పొయ్యి దగ్గర

గ్లెన్ 1909 ఆగస్టు 4న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పుట్టాడు. పెరిగింది ఆ రాష్ట్రం నైరుతి మూలనున్న ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో. గాలి, దుమ్ము, గోధుమ చేలు ఉన్న మెట్ట నేల అది. ఇంటి పని, పొలం పని చేసుకుంటూ బడికి వెళ్ళే పిల్లల్లో అతడూ ఒకడు.

1917 ఫిబ్రవరిలో ఒక చలి ఉదయం. గ్లెన్‌కు ఏడేళ్ళు, అన్న ఫ్లాయిడ్‌కు పదమూడు. మిగతా పిల్లలు వచ్చేసరికి గది వెచ్చగా ఉండాలని పొయ్యి రాజేయడానికి అన్నదమ్ములు ముందుగా బడికి చేరారు. కిరోసిన్ ఉండవలసిన డబ్బాలో పొరపాటున ఎవరో పెట్రోలు పోసి ఉంచారు. ఆ సంగతి పిల్లలకు తెలియదు. పొయ్యిలో పోయగానే మంట ఒక్కసారిగా ఎగసి ఇద్దరినీ చుట్టేసింది. కిరోసిన్ స్టవ్వుల కాలం చూసిన మన తల్లులకు ఆ ప్రమాదం ఎలాంటిదో చెప్పనక్కరలేదు.

ఫ్లాయిడ్ కొద్ది రోజులకే చనిపోయాడు. గ్లెన్ బ్రతికాడు గానీ మోకాళ్ళ మీద, ముంగాళ్ళ మీద కండ పోయింది. ఎడమ పాదం వేళ్ళు పోయాయి. పాదం అడుగు వంపు కూడా దెబ్బతింది. కాళ్ళు తీసేయడమే మంచిదని వైద్యులు అన్నారు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. తీయకపోయినా ఆ పిల్లవాడు నడుస్తాడని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఈ కథ చెప్పినన్ని సార్లూ నేను ఫ్లాయిడ్ పేరు ఎత్తలేదు. ఎత్తితే కథ బరువెక్కుతుంది, ముగింపు అంత సులువుగా రాదు. ఒకే మంట, ఒకే ఇంటి పిల్లలు. ఒకడు సమాధికి వెళ్ళాడు, ఒకడు మంచం మీద మిగిలాడు. ఎందుకని అడిగితే ఏ బోధకుడి దగ్గరా జవాబు లేదు. కానీ ఫ్లాయిడ్‌ను వదిలేసి గ్లెన్‌ను మాత్రమే చెబితే, బిడ్డను పోగొట్టుకుని మన మధ్య కూర్చున్న తల్లికి ఆ కథలో చోటే ఉండదు.

అమ్మ చేతులు

ఆ తర్వాత నెలల తరబడి జరిగిన పని ఏ పత్రికలోనూ రాలేదు. తల్లి రోజూ ఆ కాళ్ళను మర్దన చేసింది. బిగుసుకుపోయిన కండరాలను వేళ్ళతో నొక్కి, సాగదీసి, మళ్ళీ నొక్కి. ఆమెకు వేరే పిల్లలున్నారు, పొలం ఉంది, వంట ఉంది. ఒక కొడుకును పాతిపెట్టిన దుఃఖం ఉంది. అయినా ఆ కాళ్ళను వదలలేదు. ఆమెకు వీలు కాని వేళల్లో ఆ పిల్లవాడే తన చేతులతో రుద్దుకునేవాడు.

దాదాపు రెండేళ్ళకు, 1919 వేసవిలో, గ్లెన్ మళ్ళీ అడుగు వేశాడు. ఆ తర్వాత ఒక వింత కనిపెట్టాడు. నడిస్తే ప్రాణం పోయేంత నొప్పి. పరుగెత్తితే అంత నొప్పి లేదు. అందుకని నడవవలసిన చోటల్లా పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఆ పరుగు వెనుక పతకాల కోరిక లేదు, నొప్పి తప్పించుకునే ఉపాయం ఉంది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పరుగు అతనికి తేలిక, నడక కష్టం. చివర్లో మళ్ళీ ఇక్కడికే వస్తాం.

కాలేజీ ట్రాక్ మీద

హైస్కూలుకు వచ్చేసరికి ఎల్క్‌హార్ట్ కుర్రాడి పేరు చుట్టుపక్కల వినిపించసాగింది. 1930లో మైలును 4 నిమిషాల 24.7 సెకన్లలో పరుగెత్తి హైస్కూలు విద్యార్థుల రికార్డు సాధించాడు. అక్కడినుంచి లారెన్స్ పట్టణంలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

క్రీడల్లో 800 మీటర్లు, 1500 మీటర్లు, మైలు పరుగులను మధ్యదూర పరుగులంటారు. వంద మీటర్లవాడిలా కళ్ళు మూసుకుని దూకేస్తే సగం దారిలోనే ఊపిరి అందదు. మారథాన్‌వాడిలా నిదానంగా వెళ్తే అందరూ దాటిపోతారు. వేగమూ కావాలి, ఓర్పూ కావాలి, ఏది ఎప్పుడు వాడాలో తెలియాలి. చివరి చుట్టులో కాళ్ళు సీసంలా బరువెక్కుతాయి. ఆ బరువులో కూడా వేగం పెంచగలిగినవాడే మైలు పరుగులో నిలబడతాడు. కన్నింగ్‌హామ్ పద్ధతి కూడా అదే. మొదటి సగం అదుపులో పెట్టుకుని, రెండవ సగాన్ని మొదటి సగం కంటే వేగంగా పరుగెత్తేవాడు.

చూసేవాళ్ళకు కనిపించని శ్రమ ఇంకొకటుంది. ఆ కాళ్ళలో రక్తప్రసరణ ఎప్పటికీ మామూలు స్థితికి రాలేదు. ప్రతి పోటీకి ముందు దాదాపు గంటసేపు మర్దన చేసుకుని, వేడెక్కేదాకా మెల్లగా పరుగెత్తితే గానీ అవి లొంగేవి కావు. నాలుగు నిమిషాల పరుగుకు గంటసేపు సిద్ధపాటు! కాళ్ళు పూర్తిగా స్వస్థపడ్డాయని నేను చెప్పిన మాట నిజం కాదు. మచ్చలూ, పోయిన వేళ్ళూ, నొప్పీ అన్నీ అలాగే ఉన్నాయి. ఉన్న కాళ్ళతోనే ఆయన పరుగెత్తాడు.

1932లోనూ 1933లోనూ అమెరికా కళాశాలల జాతీయ పోటీల్లో మైలు పరుగు విజేత ఆయనే. 1933కు గాను ఆ దేశంలో ఉత్తమ అమెచ్యూర్ క్రీడాకారుడికిచ్చే సల్లివన్ పురస్కారం అందుకున్నాడు. 1934 జూన్ 16న ప్రిన్స్‌టన్‌లో మైలును 4 నిమిషాల 6.8 సెకన్లలో ముగించాడు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. వైద్యులు తీసేద్దామన్న కాళ్ళ మీద, మంట జరిగిన పదిహేడేళ్ళకు!

నేను కథను ఆపేసే చోటు ఇదే. చప్పట్లు వచ్చే చోటు ఇదే.

గెలవని పరుగులు

ఇప్పుడు నేను దాటవేసిన పేజీలు చెబుతాను.

1932లో లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగుకు నిలబడ్డాడు. కాలేజీ విజేతగా, దేశమంతా ఆశపెట్టుకున్నవాడిగా వెళ్ళాడు. ఇటలీకి చెందిన లుయిజీ బెకాలి గెలిచాడు. కన్నింగ్‌హామ్ నాలుగోవాడుగా వచ్చాడు. ముగ్గురికే పతకాలు. నాలుగోవాడికి ఏమీ ఉండదు.

1934లో ప్రిన్స్‌టన్ రికార్డు జరిగి రెండు వారాలైనా గడిచాయో లేదో, జూన్ 30న మిల్వాకీలో 1500 మీటర్లలో బిల్ బాంత్రన్ చేతిలో ఓడిపోయాడు. బాంత్రన్‌ది 3 నిమిషాల 48.8 సెకన్లు, ప్రపంచ రికార్డు. ఈయనది 48.9. తేడా సెకనులో పదో వంతు. కన్నుమూసి తెరిచేంత కూడా కాదు.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్. ఆగస్టు 6న 1500 మీటర్ల ఫైనల్. న్యూజిలాండ్‌కు చెందిన జాక్ లవ్‌లాక్ ఇంకా మూడు వందల మీటర్లు ఉండగానే, ఎవరూ ఊహించని చోట, ఒక్కసారిగా వేగం పెంచాడు. కన్నింగ్‌హామ్ వెంటపడ్డాడు గానీ అందుకోలేకపోయాడు. లవ్‌లాక్ 3 నిమిషాల 47.8 సెకన్లలో ముగించి కొత్త ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. కన్నింగ్‌హామ్ 3 నిమిషాల 48.4 సెకన్లతో రెండోవాడు. ఆ లెక్క ఒకసారి చూడండి. ఆ ఉదయం వరకు ఉన్న ప్రపంచ రికార్డు 3 నిమిషాల 48.8 సెకన్లు. అంటే ఆయన పాత ప్రపంచ రికార్డు కంటే వేగంగా పరుగెత్తాడు. అయినా ఓడిపోయాడు. తన జీవితంలోనే గొప్ప పరుగుల్లో ఒకటి పరుగెత్తిన రోజు కూడా ముందు ఇంకొకడు ఉన్నాడు.

ఆయన చేయగలిగిందంతా చేశాడు. అందులో విశ్వాసం తక్కువ ఎక్కడ? శ్రమ తక్కువ ఎక్కడ? లవ్‌లాక్ ఆ రోజు ఆయన కంటే బాగా పరుగెత్తాడు, అంతే. ఓటమికి ప్రతిసారీ ఒక పాపం వెతకడం యోబు స్నేహితులు చేసిన పని. ఆ పని నేనూ చేశానని ఆ రాత్రి నాకు అర్థమైంది.

బెర్లిన్ ముగిసిన రెండు వారాలకు, ఆగస్టు 20న స్టాక్‌హోమ్‌లో 800 మీటర్లు 1 నిమిషం 49.7 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సాధించాడు. ఓడినవాడు రెండు వారాల్లో మళ్ళీ గీత దగ్గర నిలబడ్డాడు. 1938 మార్చిలో డార్ట్‌మత్ కళాశాల ఇండోర్ ట్రాక్ మీద మైలును 4 నిమిషాల 4.4 సెకన్లలో ముగించాడు. అంతవరకు ఎవరూ అంత వేగంగా పరుగెత్తలేదు. కానీ వేగం నిలపడానికి ఆ కళాశాల కుర్రాళ్ళను ముందుగా వదిలి పరుగెత్తించారు గనుక దాన్ని అధికారిక రికార్డుగా లెక్కించలేదు. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 31 పోటీల్లో 21 గెలిచాడు. అంటే పది ఓడాడు.

1940లో మరోసారి ఒలింపిక్స్‌కు వెళ్ళే అవకాశం ఉంటుందనుకున్నారు. యుద్ధం వచ్చి ఆ క్రీడలే రద్దయ్యాయి. ముప్పై ఏళ్ళ వయసులో పరుగు విరమించాడు. ఒలింపిక్ బంగారు పతకం ఆయనకు ఎన్నడూ దక్కలేదు.

పరుగు ముగిశాక నడక

పరుగు ఆగాక చాలామంది క్రీడాకారుల కథ కూడా ఆగిపోతుంది. ఈయనది అక్కడ మొదలైందనాలి. పరుగెత్తే రోజుల్లోనే చదువు వదల్లేదు. 1938లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి వ్యాయామ విద్యలో డాక్టరేట్ తీసుకున్నాడు. అయోవాలోని కార్నెల్ కాలేజీలో వ్యాయామ విద్య విభాగాన్ని నడిపించాడు. యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశాడు. మద్యానికీ పొగాకుకూ జీవితమంతా దూరంగా ఉండి, ఊరూరా తిరిగి యువకులకు వాటి గురించి హెచ్చరించాడు. ఆయన జీవితంలో విరిగిన పేజీ కూడా ఉంది. మొదటి వివాహం నిలవలేదు. 1947లో రూత్‌ను వివాహం చేసుకున్నాడు.

గ్లెన్, రూత్ కలిసి కాన్సాస్‌లో తమ పొలాన్నే పిల్లలకు ఆశ్రయంగా మార్చారు. ఇళ్ళు చెదిరిపోయిన పిల్లలు, కోర్టు మెట్లెక్కిన పిల్లలు, ఎవరికీ అక్కరలేని పిల్లలు అక్కడికి వచ్చేవారు. గుర్రాలను, ఇతర జంతువులను చూసుకునే పని వాళ్ళకు అప్పగించేవారు. తనను ఎవరూ నమ్మని కుర్రాడి చేతికి ఒక ప్రాణిని అప్పగించి నమ్మితే, వాడిలో ఏదో మారడం ఆయన చూశాడు. సొంత పిల్లలు, ఆశ్రయం కోరి వచ్చిన పిల్లలు ఒకే ఇంట్లో పెరిగారు. ఆయనకు మొత్తం పన్నెండు మంది పిల్లలు. ఖర్చులకు ఊరూరా ప్రసంగాలు చేసి డబ్బు తెచ్చేవాడు. దశాబ్దాల తరబడి ఆ ఇంటి నీడకు వచ్చిన పిల్లలు తొమ్మిది, పదివేల మంది ఉంటారని చెబుతారు.

నాలుగు నిమిషాల పరుగుకు స్టేడియం నిండా జనం ఉండేవారు. ఈ పనికి జనం లేరు, స్టాప్‌వాచ్ లేదు, రిబ్బన్ తెంచే చోటు లేదు. ఒక పిల్లవాడు దొంగతనం చేసి పారిపోతే వెతికి తీసుకురావాలి. మర్నాడు ఇంకొకడు పారిపోతాడు. ఇది పరుగు కాదు, నడక. అతనికి చిన్నప్పటినుంచి కష్టమైనది అదే.

యెషయా గ్రంథం 40వ అధ్యాయం చివరి వచనం ఆయనకు బలమిచ్చిన వాక్యం. మనందరికీ కంఠతా వచ్చిన వచనమే. అందులో వరుస గమనించారా? ముందు పక్షిరాజు రెక్కలు, తర్వాత పరుగు, చివర నడక. మన లెక్కలో ఇది తలకిందులు. నడిచేవాడు పరుగెత్తాలి, పరుగెత్తేవాడు ఎగరాలి, అదే ఎదుగుదల అనుకుంటాం. ప్రవక్త మాత్రం నడకను చివర పెట్టాడు. ఎగరడానికి ఒక ఉద్రేకం చాలు, పరుగుకు ఒక ఉదయం చాలు. సొమ్మసిల్లకుండా రోజూ నడవడానికి మాత్రం పైనుంచి వచ్చే బలం కావాలి. పరుగు కంటే నడకే ఎక్కువ నొప్పి అని ఏడేళ్ళ వయసులో కాలిన కాళ్ళు నేర్పిన పాఠాన్ని ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ఆ పిల్లల మధ్య బ్రతికి చూపించాడు.

1988 మార్చి 10న, 78 ఏళ్ళ వయసులో, ఆర్కన్సా రాష్ట్రంలో ఆయన కన్నుమూశాడు.

మన సంఘాలకు ఒక మాట

పోలీసు ఉద్యోగమో, సైన్యంలో చోటో దొరికిన కుర్రాడిని మనం ఆదివారం ముందుకు పిలిచి, శాలువా కప్పి, సాక్ష్యం చెప్పిస్తాం. మంచిదే, చేయాలి. కానీ అదే గ్రౌండులో అదే చలిలో పరుగెత్తి సెకన్లలో పోగొట్టుకున్నవాడు ఆ ఆదివారం ఎక్కడున్నాడు? చాలాసార్లు గుడికే రాడు. వస్తే అందరూ అడుగుతారని భయం. రెండు మూడు వారాలకు మనమూ మరిచిపోతాం. పౌరుషానికి పేరుపడ్డ పల్నాడులో ఓడిపోయి ఇంటికి రావడం ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు. ఆ బరువు మోయలేక తప్పుదారి పట్టినవాళ్ళు, ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు మనకు తెలియనివాళ్ళు కారు.

కాబట్టి పెద్దలారా, గెలిచినవాడిని వేదిక మీదికి పిలిచిన రోజే ఓడినవాడి ఇంటికి వెళ్ళండి. ప్రసంగం చెప్పవద్దు. కూర్చుని టీ తాగి రండి. తల్లులారా, మీ చేతుల పని ఎవరూ రికార్డు పుస్తకంలో రాయరు. అయినా కన్నింగ్‌హామ్ ప్రపంచ రికార్డు కింద మొదటి సంతకం ఆ తల్లి వేళ్ళదే. తమ్ముళ్ళారా, 1600 మీటర్లలో మీకు దక్కనిది మీ విశ్వాసానికి కొలత కాదు. మళ్ళీ గీత దగ్గర నిలబడండి. అది కుదరకపోతే దేవుడు మీ ముందు పెట్టిన వేరే దారిలో నడవండి. బెర్లిన్‌లో బంగారం రానివాడి దగ్గరికి వేల మంది పిల్లలు వచ్చారు.

ఆ కుర్రాడికి ఈ మాటలు చాలా ఆలస్యంగా, వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పాను. ముందు క్షమాపణ అడిగాను, తర్వాత కథ మొత్తం చెప్పాను. ఫ్లాయిడ్‌తో సహా. అతడు విన్నాడు గానీ ఏమీ అనలేదు. లేచి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తర్వాతి ఆదివారం ఆరాధనకు వచ్చి, ఈసారి మధ్య వరుసలో కూర్చున్నాడు.

అలసినవారికి ఈ వారం నడిచే బలాన్ని ప్రభువు దయచేయును గాక.